వీరాయి విన్న సద్దు

మారి ఆ సీటు కుట్టింది మోకాళ్ళ మీద నిలబడి. దాని మీద కూర్చుని కాదు. కుట్టేవాడు కుట్టి పోవాలి, కూర్చునేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ సంగతి అతనికి ఎవరూ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడతను కోయంబత్తూరులో సింగానల్లూరు దారిలో ఉన్న నూలుమిల్లులో రోలర్లకు తోలు తొడిగే పని చేసేవాడు. దారం పేనే మరల్లో పైన తిరిగే సన్నటి ఇనప రోలర్లకు గొర్రెతోలు తొడగాలి. తోలును ఉల్లిపొర మాదిరి పలచగా గీకి, అంచులు ఏటవాలుగా కోసి, వజ్రం బంక పూసి అతికిస్తే ఆ అతుకు వేలికి తగలకూడదు. తగిలిందంటే కింద దారం తెగుతుంది. మారి తాత చెప్పులు కుట్టాడు. నాయన అన్నూరు పక్క బావులకు నీళ్ళు తోడే తోలు కపిలబానలు కుట్టాడు. అలాంటిదే తోలు గీకే రంపె, అలాంటిదే కుట్టే ఆరె పట్టుకుని మారి మిల్లు గేటు లోపలికి వచ్చాడు. వాళ్ళ కులంలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషి అతనేనని పోదనూరు వైపు ఉన్న వాళ్ళ వాడలో చెప్పుకునేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మిల్లు ముదలాళి, అంటే యజమాని, ఇంగ్లండు సీమ నుంచి ఒక స్టేషన్ వ్యాగన్ తెప్పించాడు. ఇంజనూ చక్రాలూ మాత్రమే సీమవి. పైన టేకు పట్టీల ఒళ్ళంతా కోయంబత్తూరు వడ్రంగి ఆసారులు కట్టిందే. వెనక పొడుగాటి సీటుకు తోలు వేయడానికి మారిని పిలిచారు. అతను తీరుబడిగా కుట్టాడు. కుట్టు మీద కుట్టు ఎక్కకుండా, మూలల్లో ముడత పడకుండా కుట్టాడు.

ఆ రోజుల్లో అన్నకు సద్దిగిన్నె తెచ్చేవాడు చిన్నప్పన్. అన్నదమ్ములిద్దరికీ వయసులో చాలా ఎడం. తల్లి పోయాక వాడిని పెంచింది మారే. మారి చేయి కడుక్కుని వచ్చేసరికి వాడు ఆ సీటు మీద కాళ్ళు బార్లా చాచి కూర్చుని ఉన్నాడు. డ్రైవరు చూసి తువ్వాలు విసిరి తరిమేశాడు. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే మారి తిడతాడేమో అనుకుని వాడు వెనకబడ్డాడు. మారి తిట్టలేదు. కొంతదూరం పోయాక మెల్లగా అడిగాడు.

"ఎట్లుండాదిరా?"

"ఏమి?"

"సీటు."

"మెత్తగా ఉండాది. నువ్వు కూచోలేదా?"

మారి నడుస్తూనే ఉన్నాడు. వాడు రెండడుగులు పరిగెత్తి వచ్చి చేయి పట్టుకున్నాడు. "చుమ్మా ఉండన్నా. పెద్దయితే నేను ఆ బండి ఓట్టుతాను. నిన్ను వెనకాల కూచోబెడతాను. ఆ తువ్వాలోణ్ణి గేటు తెరవమంటాను."

బండి తోలతానని పిల్లల మాట. మారి మర్చిపోయాడు. చిన్నప్పన్ మర్చిపోలేదు.

ఏళ్ళు గడిచాయి. రోలర్లకు రబ్బరు తొడుగులు వచ్చాయి. ఒక సోమవారం మారి పనికి పోతే అతని బల్ల గోడ పక్కకు జరిపి ఉంది. ఎవరూ పొమ్మనలేదు. పని మాత్రం లేదు. నెల తిరిగేసరికి తనంతట తానే లెక్క తీసుకుని, అవనాశి రోడ్డులో లారీలకూ బస్సులకూ సీట్లు కుట్టే షెడ్డులో చేరాడు. "గొర్రెతోలు పోతే రెక్సిను. చేయి అదే కదా" అనేవాడు అడిగినవాళ్ళతో. భార్య కరుప్పాయికి మాత్రం తెలుసు, ఆ నెలంతా అతను అన్నం ముద్ద వేలితో తడుముతూ కూర్చునేవాడని, అతుకు ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

అప్పటికి చిన్నప్పన్ అదే మిల్లులో ఫిట్టరు. ముదలాళి కొడుకులకు కొత్త కార్లు వచ్చాయి, ముసలి వ్యాగన్ మిల్లు వెనక పాత పత్తి షెడ్డులో చేరింది. ఎలుకలు సీటు కింద పిల్లలు పెట్టాయి. టేకు పట్టీలు ఎండి పగిలాయి. ఇంజను బిగుసుకుపోయింది. మిల్లు స్టోర్సు చూసే కోదండరామన్ కూడా మారి వాళ్ళ మాదిరి తెలుగాయనే. ఆయనను చిన్నప్పన్ ఎన్నిసార్లు అడిగాడో, చివరకు ఆయన విసుక్కుని, "తీసుకో పోరా. అయితే ఒకటి. మూడో ఆయుధపూజకు షెడ్డు నాకు ఖాళీగా కావాల. ఓట్టుకుని పోతావో, మోసుకుని పోతావో, నీ పాట్లు" అన్నాడు.

ఆ రోజు నుంచి అన్నదమ్ముల ఆదివారాలన్నీ ఆ షెడ్డులోనే. చిన్నప్పన్ ఇంజను కిందా, మారి సీటు మీదా. అప్పుడు కూడా సీటు మీద కాదు, మోకాళ్ళ మీదే. చిన్నప్పన్ నవ్వేవాడు.

"ఇప్పుడు మన బండే కదన్నా. కూచో."

"రోడ్డు మీద ఓడేటప్పుడు కూచుంటాను. నిలబడిన బండిలో కూచునేదానికి ఇంట్లో తిన్నె లేదా?"

కరుప్పాయి నోరు ఊరుకునేది కాదు. "అన్నకి తోలు పిచ్చి, తమ్ముడికి ఇనుము పిచ్చి. ఆ బండి ఓడే రోజుకి నాకి పళ్ళు ఉండవు. ఎక్కించుకుని పళని తీసుకుని పోతే కొండ కింద పంచామృతం చప్పరించి వస్తాను" అనేది. చిన్నప్పన్‌కు పెళ్ళయింది. వచ్చిన పిల్ల వీరాయి, కంబం పక్కది, అదే మిల్లులో రీలింగులో దారాన్ని చిలపలుగా చుట్టే పని. మాట తక్కువ. పనిరోజుల్లోనూ మధ్యాహ్నం మిల్లు సైరను, ఆ సంగు, మోగగానే షెడ్డుకు గిన్నె తెచ్చేది. మొగుడు బండి కింద నుంచి చేయి చాపితే ముద్ద చేతిలో పెట్టేది. "మనిషి కింద ఉండాడా, బండే తింటాదా, ఎవరికి తెలుసు" అని కరుప్పాయి ఎగతాళి చేసేది.

మూడో ఏడు ఎండాకాలం పోయే ముందు చిన్నప్పన్‌కు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. పని ముగించి పోయేటప్పుడు ఇంజను మీద డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి రోటరు ఊడబెరికి, స్పానర్ల సంచిలో వేసుకునేవాడు. రోటరంటే బొటనవేలంత ముక్క. ఇంజనులో నిప్పును అన్ని మూలలకూ పంచేది అదే. అది లేకపోతే ఎంతటి బండైనా చెక్కా ఇనుమే. ఆ సంచి మారి కుట్టి ఇచ్చినది. రోలర్ల రోజుల్లో మిగిలిన గొర్రెతోలు ముక్కలు అతికి కుట్టిన సంచి, అతుకు వేలికి తగలదు.

"యాలరా అది తీసేది?" అన్నాడు మారి.

"దొంగలు ఓట్టుకుని పోతే?"

"నిప్పు ముట్టని బండిని ఏ దొంగ ఓట్టుతాడు? ఓట్టితే వాడికే పూలదండ వేద్దాం."

చిన్నప్పన్ నవ్వాడు. ఎప్పుడూ నవ్వేదానికన్నా కొంచెం ఎక్కువసేపు నవ్వాడు. మారి పట్టించుకోలేదు.

ఆషాఢం వచ్చే ఆడి నెలలో చిన్నప్పన్‌కు కళ్ళు పచ్చబడ్డాయి. నేలఉసిరి నూరి తాపారు. పథ్యం పెట్టారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైందో, ముందే ఆలస్యమైందో, డాక్టరు అదీ చెప్పలేదు. "పూజకు బండి గేటు దాటాల అన్నా" అన్నాడు ఒకసారి. ఆ తర్వాత మాటలు తెలియలేదు. తెల్లవారేలోపు పోయాడు.

వాళ్ళలో పోయినవాళ్ళను పూడ్చిపెడతారు. చేత్తో బతికిన మనిషికి ఆ చేతి పనిముట్టు పక్కన పెట్టి పంపాలి. మారి తాతతో రంపె పోయింది, నాయనతో ఆరె పోయింది. వాడలో పెద్దాయన అప్పసామి గుంత గట్టు మీద నిలబడి, "చెయ్యి పట్టుకున్నది చెయ్యితోనే పోవాల. ఏమిరా మారీ, తెస్తివా?" అన్నాడు. మారి ఇంట్లో మేకుకు వేలాడుతున్న తోలుసంచి తెచ్చాడు. లోపల ఏముందో చూడలేదు. స్పానర్లు ఉంటాయి, ఇంకేం ఉంటాయి. గుంతలోకి దిగి తమ్ముడి కుడిచేయి పక్కన తానే పెట్టాడు. చేయి కిందికి సరిపోయేలా రెండుసార్లు సర్దాడు కూడా.

పూజ పడే పురట్టాసి నెల వచ్చింది. కోదండరామన్ కబురు పంపాడు. గట్టిగా కాదు, మెల్లగానే. "పాపం, నాకి తెలవదా మారీ? అయినా పూజకు షెడ్డుకు సున్నం కొట్టాల. మా చుట్టం ఒకాయన అన్నూరులో ఉండాడు. ఇంజను ఉంటే బావికి పెట్టుకుంటానంటాడు. ఓడకపోతే ఆయనకు ఇచ్చేయి."

మారి పొన్నుసామిని వెంటబెట్టుకుని షెడ్డుకు పోయాడు. పొన్నుసామి మిల్లు లారీ డ్రైవరు, చిన్నప్పన్‌కు స్నేహితుడు, ఇంజను పని తెలిసినవాడు. అతను బానెట్ ఎత్తి చాలాసేపు అక్కడా ఇక్కడా కదిలించి చూశాడు. "అన్నా, వాడు అన్నీ చేసి ఉండాడు" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. "రోటరు ఏది?"

మారి వంగాడు. మోకాళ్ళ మీద మట్టి అంటినట్టు రెండు చేతులతో దులుపుకుంటూ ఉండిపోయాడు. దులుపుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పొన్నుసామి రెండుసార్లు అడిగాక చెప్పాడు.

"దాన్ని నేనే పూడ్చినాను."

ఆ మాట ఇంట్లో కూడా చెప్పాడు, పొయ్యి ముందు కూర్చుని. కరుప్పాయికి ఎగతాళి ఏదీ నోటికి రాలేదు. "అయినా ముట్టని ఇంజనుకు అది ఉంటే ఏమి, లేకుంటే ఏమి" అంది ఓదార్పుగా. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న వీరాయి తల ఎత్తకుండానే అంది.

"అది ముట్టింది బావా."

మారి ఆమె వైపు తిరిగాడు.

"ఎండల్లో ఒక రోజు, మీరు రాని పొద్దు. నేను గిన్నె తీసుకుని పోతిని. తిప్పు చూద్దాం అని నన్నే లోపల కూచోబెట్టి తాళం తిప్పమనె. తిప్పితిని. ముట్టె. కొంచంసేపు ఓడె. అప్పుడు పక్కన మరలన్నీ ఓడుతా ఉండె, ఎవరికీ వినబడలా. అన్నకు చెప్పొద్దు, పూజరోజు గేటులోంచి ఓట్టుకుని వచ్చి వెనకాల కూచోబెడతాను, అప్పుడు చూడాల మొగం, అనె. ఇంకెవరైనా ముట్టిస్తారని ఆ ముక్క తీసి పెట్టుకునె. నా చేత ఒట్టు వేయించుకునె."

"పోయినాక అయినా చెప్పరాదా అమ్మా?" అన్నాడు మారి.

"ఒట్టు పూజదాకా కదా బావా."

ఆ రోజు నుంచి మారికి మరో ధ్యాస లేకుండా పోయింది. తమ్ముడు చేసిన పని ముగిసింది. ఎవరో చెడగొట్టలేదు, సగంలో ఆగలేదు. బొటనవేలంత ముక్క ఒకటి ఉంటే అది పలుకుతుంది. అది మట్టి కింద ఎక్కడుందో అతనికి ఖచ్చితంగా తెలుసు, తమ్ముడి ఏ వేలి పక్కనో కూడా తెలుసు. ఒకనాడు అప్పసామి ఇంటి దాకా పోయి, వాకిట్లో నిలబడి, అడగాల్సింది అడగకుండా తిరిగి వచ్చాడు. అప్పసామి అరుగు మీద నుంచే, "వద్దురా మారీ" అన్నాడు. అతనికి ఎవరు చెప్పారో.

పొన్నుసామి ఉక్కడంలో పాత ఇనుము అంగళ్ళన్నీ తిరిగాడు. ఏ బండిదో ఒక రోటరు దొరికింది. ఆకురాయితో అరగదీసి అమరేలా చేశాడు. "వాడిది కాదు. అయినా పలుకుతాది అన్నా" అన్నాడు. మారి దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, తువ్వాలు కొంగులో ముడి వేసుకున్నాడు. పడుకునేటప్పుడు కూడా ఆ తువ్వాలు విప్పలేదు.

ఆయుధపూజ నాడు మిల్లులో మరలన్నీ ఆపుతారు. ఏడాది పొడుగునా వానలా వినిపించే ఆ మోత ఆ ఒక్కనాడు ఉండదు. మరలకు చందనం, కుంకుమ, మామిడాకులు. పనివాళ్ళ పెళ్ళాం పిల్లలు కొత్త గుడ్డలు కట్టుకుని లోపలికి వచ్చి, తమవాళ్ళు ఏ మర దగ్గర నిలబడతారో చూసుకుని పోతారు. అందరికీ బొరుగుల పొరి, శనగలు పొట్లం కట్టి ఇస్తారు. మారి షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. పొన్నుసామి బండికి పసుపు పూసి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. చిన్నప్పన్ బండి నడుస్తుందని తెలిసి వాడలోవాళ్ళూ మిల్లువాళ్ళూ గుంపు కూడారు. కోదండరామన్ కూడా పొట్లంలో శనగలు నములుతూ వచ్చి నిలబడ్డాడు.

"కూచో అన్నా వెనకాల" అన్నాడు పొన్నుసామి, రోటరు కోసం చేయి చాపుతూ.

మారి తువ్వాలు ముడి విప్పబోతూ అలవాటుగా వెనక్కి చూశాడు. వీరాయి షెడ్డు గుమ్మం దగ్గర ఉంది. కొత్త చీర కట్టుకోలేదు. అందరూ ముందుకు జరుగుతుంటే ఆమె ఒక్కతే వెనక్కి జరుగుతోంది. రెండు చేతులూ చెవుల దాకా లేచి, నలుగురూ చూస్తారని కాబోలు, జుట్టు సర్దుకున్నట్టు దిగిపోయాయి.

మారి గుంపులోంచి బయటికి వచ్చాడు. "ఏమమ్మా?"

"ఏమి లేదు బావా. నేను ఇంటికి పోతాను. మీరు ఓట్టండి."

"వినవా?"

వీరాయి కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఆ పొద్దు అది ముట్టినప్పుడు ఆయప్ప నవ్వు కూడా దాంట్లోనే ఉండె బావా. ఆ సద్దు నేనొక్కదాన్నే వింటిని. ఇప్పటికీ చెవిలో ఉండాది, రీలింగులో నిలబడితే దాన్నే వింటా ఉంటాను. ఇప్పుడు ఒట్టి సద్దు వింటే, అది పోయి ఇది కూచుంటాది." కొంచెం ఆగి మళ్ళీ అంది. "అది పోతే నా దగ్గర ఏమి ఉండాది? మీకు చిన్నప్పటి నుంచి ఆయప్ప ఉండె. నాకి రెండు పూజలు. ఈడ మరలు నిలిచిపోయి ఉండాయి. వాడ దాకా వినబడతాది. నేను ఏడికని పోయేది?"

మారి ఆమె ముఖం చూడలేకపోయాడు. ముడి మీద వేళ్ళు అట్లాగే ఉన్నాయి. షెడ్డులో ఎవరో, "ఏమన్నా, నల్ల నేరం, మంచి గడియ, పోతుండాది" అని పిలుస్తున్నారు. అతను ఎదురుచూసినంతగా ఆ బండి కోసం ఇంకెవరూ ఎదురుచూసి ఉండరు. తమ్ముడి చేతిపని తన చెవితో ఒక్కసారి వినాలి. అంతకుమించి ఇంకేం కావాలి తనకు? ఎంత చిన్న కోరిక అది.

తిరిగి వెళ్ళి పొన్నుసామితో అన్నాడు. "వద్దు విడు. ముట్టించొద్దు."

"ఏమి?"

"అన్నూరాయనకు కబురు పంపు. తాడు కట్టి లాక్కుని పోనీ."

గుంపు కాసేపు గొణిగి చెదిరిపోయింది. "ఇంత పసుపు పూసి ఊరేగింపు లేదంటారా" అని ఎవరో నవ్వారు. కరుప్పాయి వాళ్ళకేసి ఒక చూపు చూసింది. కోదండరామన్ ఏదో అడగబోయి, మారి ముఖం చూసి, నములుతున్న శనగలు మింగి ఊరుకున్నాడు.

మర్నాడు విజయదశమి. అన్నూరు నాయుడు, కోదండరామన్ చుట్టం, మంచిరోజని తెల్లవారగానే ట్రాక్టరు తెచ్చాడు. ముందు తాడు కట్టారు. బండి స్టీరింగు పట్టడానికి పొన్నుసామి ఎక్కాడు. మారి వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు. సీటు మీద దుమ్ము ఏమీ లేదు, అయినా తువ్వాలుతో తుడిచాడు. "నువ్వూ రా అమ్మా, సాగనంపి వద్దాం" అన్నాడు. వీరాయి ఎక్కింది. తర్వాత అతను కూర్చున్నాడు.

చక్రాల కింద వాడిన నిమ్మకాయలు చితికాయి. మిల్లులో మరలు మళ్ళీ మొదలయ్యాయి. బండి సద్దు లేకుండా గేటు దాటింది.

దారి పొడుగునా మారి అరచేయి సీటు మీద మెల్లగా పోతోంది, అప్పటి కుట్టు ఎక్కడ, ఇప్పటి కుట్టు ఎక్కడ అని. కోవిల్‌పాళ్యం దాటాక వీరాయి అంది. "మెత్తగా ఉండాది బావా."

"వాడూ ఇదే చెప్పె" అన్నాడు మారి.

అన్నూరు అవతల జొన్నచేల మధ్య నాయుడి బావి. పాత రోజుల్లో కపిల తోలిన బావే. గట్టు మీద ఎద్దులు నడిచిన వాలు ఇంకా ఉంది. మారి కొంగు ముడి విప్పి రోటరు నాయుడి చేతిలో పెట్టాడు. "అయ్యా, ఒకటే మాట. మేము బస్సు ఎక్కిందాకా ముట్టించొద్దు."

"అంతే కదా, సరి" అన్నాడు నాయుడు.

వాళ్ళిద్దరూ రోడ్డు దాకా నడిచి చింతచెట్టు నీడలో నిలబడ్డారు. పొన్నుసామి అక్కడే ఆగాడు, అమర్చి చూపించాలి కదా. బస్సు రాలేదు. పండగ మర్నాడు బస్సులు ఎప్పుడు వస్తాయో ఎవరికి తెలుసు. పొద్దు నడినెత్తికి వస్తోంది. అక్కడ బావి గట్టు మీద నాయుడు మంచి గడియ దాటిపోతుందని ఎంతసేపు ఆగగలిగాడో, అంతసేపూ ఆగే ఉంటాడు.

జొన్నచేల మీదుగా మొదట ఒక దగ్గు వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంజను అందుకుంది. తడబాటు లేదు, గరగర లేదు. బాగా నూనె పోసిన మర తిరిగినట్టు, అతుకు తగలని నడక.

మారి కదల్లేదు. కళ్ళు మూసుకోవాలో తెరవాలో తెలియక, ఎదురుగా మైలురాయి మీద అంకె చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి పక్కన మనిషి ఉందని గుర్తొచ్చి తిరిగాడు. వీరాయి ఈసారి చెవులు మూసుకోలేదు. చేల వైపే చూస్తోంది.

"ఇదేనా అమ్మా?" అన్నాడు.

వీరాయి తల అడ్డంగా ఊపింది.

"కాదు బావా. అది ఇట్ల లేదు."

"కాదా?"

"కాదు. అది వేరే."

మారి అవునన్నట్టు తలూపాడు. ఇనప పని తెలియకపోయినా, మంచి పని వినబడితే అతనికి తెలుస్తుంది. మళ్ళీ అడగలేదు.

బస్సు వచ్చేదాకా చేల మీద ఆ సద్దు వస్తూనే ఉంది. నీళ్ళు పైకి వచ్చాయేమో, అక్కడ ఎవరో కేకలేశారు. మారి తువ్వాలు కొంగులో ముడి లేదని మర్చిపోయి, దాన్ని వేళ్ళతో తడుముకుంటూ నిలబడ్డాడు.